“రోజుకు ఎన్ని గంటలు?” అని అడిగే ముందు: కళాశాల విద్యార్థుల ఇంటర్నెట్ అలవాట్ల సర్వే

మీరు అడిగినది స్థూలంగా ఇది. కళాశాలలో సుమారు 1200 మంది విద్యార్థులు ఉన్నారు. వారి ఇంటర్నెట్ అలవాట్లనూ, ఇంటర్నెట్ పట్ల వారి వైఖరులనూ తెలుసుకోవడానికి 58 ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారు చేశారు. దాని లింకును తరగతుల వాట్సాప్ గ్రూపులలో పెట్టి, వచ్చిన సమాధానాలతో సగటున రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారు, ఎంత శాతం మంది వ్యసనపరులు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ తేడా ఉందా అనే మూడు విషయాలు తేల్చాలనుకుంటున్నారు. ఎంతమంది సమాధానాలు వస్తే చాలు అన్నది మీ ముఖ్యమైన సందేహం. ఇటువంటి సర్వేలు చేయడంలోనూ, ఇతరులు చేసిన వాటిని పరిశీలించడంలోనూ చాలా ఏళ్లు గడిపిన వాడిగా, మీ సందేహానికి సమాధానాన్ని కొంచెం వెనక్కి జరిపి ముందుగా ప్రశ్నల సంగతి చెబుతాను. ఎందుకంటే తనకు జవాబు తెలియని ప్రశ్న ఎదురైనా విద్యార్థి దానిని ఖాళీగా వదలడు, మర్యాదకో తొందరకో ఏదో ఒక అంకె వేస్తాడు. ఆ అంకెలన్నీ కలిపి మనం రెండు దశాంశ స్థానాల వరకు సగటు కట్టి పట్టికలో పెడతాం.

అటువంటి ప్రశ్నలలో మొదటిది మీ ఫారంలోని మూడవ ప్రశ్న: “మీరు సాధారణంగా రోజుకు ఎన్ని గంటలు ఇంటర్నెట్ వాడతారు?” ఒకసారి నేను ఇదే ప్రశ్నను విడగొట్టి, వీడియోలకు ఎంత, సందేశాలకు ఎంత, ఆటలకు ఎంత, చదువుకు ఎంత అని వేరువేరుగా అడిగాను. ఒక విద్యార్థి వరుసగా 6, 5, 4, 5 అని రాశాడు. తర్వాతి పేజీలో నిద్ర 8 గంటలు అని కూడా రాశాడు. మొత్తం 28 గంటలు. అతడు అబద్ధం చెప్పలేదు. పాట వింటూ సందేశాలు పంపిన గంటను రెండు చోట్లా లెక్కవేశాడు, తక్కినది ఊహించి రాశాడు. ఫోను పది నిమిషాలకు ఒకసారి అరనిమిషం పాటు చేతిలోకి వచ్చిపోయే వాడుకను ఎవరూ గంటలలో గుర్తుంచుకోరు. 2021లో డగ్లస్ ప్యారీ బృందం స్వయంగా చెప్పిన వాడకాన్ని పరికరాలు నమోదు చేసిన వాడకంతో పోల్చిన అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించినప్పుడు ఆ రెండింటి మధ్య సహసంబంధం (ఏ పొంతనా లేకపోతే 0, పూర్తిగా పొంతన ఉంటే 1) సుమారు 0.38 మాత్రమే తేలింది. అంటే ఎక్కువ వాడుతున్నామని చెప్పేవారు నిజంగానే ఎక్కువ వాడే వైపు కొంత మొగ్గు ఉంటుంది తప్ప, ఆ అంకెను గడియారం చూసి చెప్పిన అంకెగా తీసుకోవడానికి వీలులేదు.

జవాబుల జాబితా ఇస్తే ఈ ఇబ్బంది తీరుతుందనుకుంటాం, కానీ అక్కడ మరొక చిక్కు కాచుకుని ఉంటుంది. 1985లో నార్బర్ట్ ష్వార్ట్జ్, ఆయన సహచరులు జర్మనీలో టీవీ చూసే సమయాన్ని రెండు రకాల జాబితాలతో అడిగారు. ఒక జాబితా అరగంటతో మొదలై “రెండున్నర గంటలకు పైగా” దగ్గర ముగుస్తుంది; రెండవది “రెండున్నర గంటల వరకు” దగ్గర మొదలై నాలుగున్నర గంటలు దాటేవరకు వెళుతుంది. మొదటి జాబితా చూసినవారిలో రెండున్నర గంటలకు మించి చూస్తామన్నవారు 16.2 శాతం, రెండవది చూసినవారిలో 37.5 శాతం. జాబితా మధ్యలో ఉన్నది మామూలు మనిషి అలవాటు అయి ఉంటుందని భావించి, దానికి కాస్త ఇటో అటో తమను కూర్చోబెట్టుకోవడం మనుషుల స్వభావం. మీ ఫారంలోని “1 గంట లోపు, 1–2, 2–3, 3 గంటలకు పైన” అన్న జాబితా ఇవాళ్టి విద్యార్థికి “మూడు దాటితే నువ్వు అతి చేస్తున్నట్టు” అని ముందే చెప్పేస్తోంది.

అందువల్ల “సాధారణంగా” అనే మాట తీసివేసి “నిన్న” అని అడగండి. నిన్న నిద్ర లేచాక ఫోను ఎప్పుడు చేతిలోకి తీసుకున్నారు, తరగతిలో ఉండగా దేనికోసం తెరిచారు, రాత్రి చివరిగా చూసినది ఏమిటి, అప్పుడు సమయం ఎంత, అన్న ప్రశ్నలకు విద్యార్థి జ్ఞాపకం తెచ్చుకుని జవాబు చెప్పగలడు. సమాధానాలు వారంలోని అన్ని రోజులకూ పరుచుకునేలా పంపితే, ఒక్కొక్కరి “నిన్న” అసాధారణమైనదే అయినా అందరి సగటు నిలకడగా ఉంటుంది. ఆదివారం గురించి తెలియాలంటే సోమవారం జవాబిచ్చినవారు కూడా మీ నమూనాలో ఉండాలి. గంటలే కావాలంటే ఫోనులోని స్క్రీన్ టైమ్ లేదా డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీని తెరిచి గత వారపు సగటును చూసి రాయమనండి. అయితే అదీ సంపూర్ణం కాదు: ల్యాప్‌టాప్ వాడకం సాధారణంగా అందులోకి రాదు, ఇంటిల్లిపాదీ వాడే ఫోనైతే ఆ అంకె ఒక్కరిది కాదు, చూడకుండా వెలుగుతున్న తెర కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఫోను మీరొక్కరే వాడతారా అన్న ప్రశ్న దాని పక్కనే ఉండాలి. స్క్రీన్‌షాట్ పంపమని మాత్రం అడగవద్దు. ఆ పేజీలో ఏయే యాప్‌లు ఉన్నాయో కూడా బయటపడుతుంది, అది మీరు కోరని సమాచారం.

ఇక “ఇంటర్నెట్” అనే మాట. ప్రశ్నావళిని నలుగురైదుగురి దగ్గర కూర్చుని చదివించి, జవాబు రాసేటప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమని అడిగే పద్ధతి ఒకటి ఉంది. సర్వేకు ముందు నేను మరే పనినైనా మానుతాను గానీ దీనిని మానను. అలా కూర్చున్నప్పుడు ఒక అమ్మాయి “ఇంటర్నెట్ పెద్దగా వాడనండి” అని రెండవ గడిలో టిక్కు పెట్టింది. “మరి ఫోనులో ఏం చేస్తుంటావమ్మా?” అంటే, “వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, అంతేనండి” అంది. ఆమె దృష్టిలో ఇంటర్నెట్ అంటే బ్రౌజర్ తెరిచి ఏదైనా వెతకడం. మరొక కుర్రవాడు వైఫైలో వాడినది లెక్కలోకి రాదనుకున్నాడు, డబ్బు పెట్టి వేయించుకున్న డేటానే ఇంటర్నెట్ అనుకున్నాడు. ఈ రెండు సంగతులూ 400 మంది సమాధానాలు వచ్చాక ఏ గణాంక పరీక్షతోనూ పట్టుబడేవి కావు. అందుకే మీ ఫారంలో ఆ మాట వచ్చిన ప్రతిచోటా దాని బదులు చేసే పనిని రాయండి: సందేశం పంపడం, వీడియో చూడడం, నోట్సు దించుకోవడం, డబ్బు చెల్లించడం, తెలియని విషయం వెతకడం.

అలవాటు అన్న మాటను కూడా కొంచెం జాగ్రత్తగా వాడాలి. తరచుగా చేసే పని వేరు, అలవాటుగా చేసే పని వేరు. రోజూ ఐదుసార్లు కళాశాల పోర్టల్ తెరిచే విద్యార్థి అవసరం కొద్దీ తెరుస్తాడు. రోజుకు ఐదుసార్లే ఇన్‌స్టాగ్రామ్ తెరిచే విద్యార్థి చేయి తనంతట తానే అటు పోతుండవచ్చు. ఈ రెండవదానిని కొలవడానికి 2003లో వెర్‌ప్లాంకెన్, ఆర్బెల్ 12 వాక్యాల సూచిక ఒకటి తయారు చేశారు. పని ఎన్నిసార్లు జరుగుతుందన్న దానితో పాటు, ఆలోచించకుండానే జరుగుతుందా, మానుకోవడం కష్టమా, అది తన స్వభావంలో భాగమైందా అని కూడా అందులో అడుగుతారు. “ఫోను తెరిచిన సంగతి తెరిచాక గానీ గమనించను” వంటి వాక్యాలు మూడు నాలుగు చేర్చినా, మీ 58 ప్రశ్నలలో ఇరవై ప్రశ్నలు చెప్పలేనిది అవి చెబుతాయి.

వైఖరుల భాగం మీరు “పూర్తిగా ఒప్పుకుంటాను” నుంచి “అసలు ఒప్పుకోను” వరకు ఐదు మెట్లుండే లైకర్ట్ స్కేలులో పెట్టారు. 1932లో రెన్సిస్ లైకర్ట్ ఈ పద్ధతి చెప్పినప్పటి నుంచి అందరం చేస్తున్న పనే అది. చిక్కు స్కేలులో లేదు, వాక్యాలలో ఉంది. “ఇంటర్నెట్ చదువుకు ఉపయోగపడుతుంది, అయితే సమయాన్ని వృథా చేస్తుంది” అన్న మీ 31వ వాక్యంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మొదటిది ఒప్పుకుని రెండవది ఒప్పుకోనివాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? “సోషల్ మీడియా యువత విలువలను దెబ్బతీస్తోంది” అన్నది తీర్పు. అధ్యాపకుడి పేరుతో వచ్చిన ఫారంలో దానిని కాదనే విద్యార్థి అరుదు. మీ 22 వాక్యాలలో 17 ఇంటర్నెట్‌ను తప్పుపట్టేవే. అడిగినదానికల్లా అవునని తలూపే ధోరణి ఏ సర్వేలోనైనా కొంత ఉంటుంది కాబట్టి, ఇలా ఒకవైపే ఒరిగిన వాక్యాలు ఇస్తే ఆ తలూపడాన్నే మీరు “ప్రతికూల వైఖరి” అని నివేదికలో రాస్తారు. దీనికి విరుగుడుగా కొన్ని వాక్యాలను “కాదు, లేదు” చేర్చి తిప్పి రాయడం పాఠ్యపుస్తకాల సలహా. నా అనుభవంలో వేగంగా చదివేవారు ఆ “లేదు”ను గమనించరు. అంతకంటే రెండు వాక్యాలను ఎదురెదురుగా పెట్టి ఏది మీ అభిప్రాయానికి దగ్గర అని అడగడం మేలు. ఉదాహరణకు, “తరగతిలో అర్థం కానిది వీడియో చూసి నేర్చుకోగలను” ఒక వైపు, “వీడియో చూసినా చివరకు ఎవరినో ఒకరిని అడగవలసిందే” మరొక వైపు.

ప్రశ్నల వరుస కూడా మార్చాలి. నష్టాల గురించి పది వాక్యాలు చదివించాక “మొత్తం మీద మీ జీవితం తృప్తికరంగా ఉందా” అని అడిగారు. అప్పుడు విద్యార్థి తన జీవితాన్ని ఫోను కోణం నుంచి తూచి జవాబిస్తాడు. మొత్తం జీవితం గురించిన ప్రశ్నలు ముందు, వాడుక తర్వాత, వైఖరులు ఆ తర్వాత, వయసు, సంవత్సరం, శాఖ వంటివి చివర రావాలి.

వ్యసనం గురించి మీరు అడిగినదానికి నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు. ఈ సర్వేతో “ఇంత శాతం మంది ఇంటర్నెట్ వ్యసనపరులు” అని రాయలేరు, రాయకూడదు. ఆ మాట చరిత్రే కొంత విచిత్రమైనది: 1995లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే మనోవైద్యుడు రోగ నిర్ధారణ పుస్తకాల ధోరణిని వెక్కిరిస్తూ “ఇంటర్నెట్ వ్యసన రుగ్మత” అని లక్షణాల జాబితా రాస్తే, అది తమకే ఉందని నమ్మినవారు బయలుదేరారు. కింబర్లీ యంగ్ దానిని వేళాకోళంగా కాకుండా గట్టిగానే అధ్యయనం చేశారు. మీరు వాడదలచిన 20 ప్రశ్నల పరీక్ష 1998లో ఆమె రూపొందించినదే. అయినా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్–5 ఇంటర్నెట్ ఆటల రుగ్మతను మాత్రమే, అది కూడా మరింత పరిశోధన కావలసిన స్థితిగా, పేర్కొంది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ ఐసీడీ–11లో ఆటల రుగ్మతకు చోటు ఉంది. సాధారణ ఇంటర్నెట్ వ్యసనం అనే పేరుతో విడిగా రుగ్మత లేదు. ప్రశ్నావళిలో ఎక్కువ స్కోరు వచ్చినంత మాత్రాన రోగ నిర్ధారణ జరిగినట్టు కాదు. దానికి నిపుణుడు ఎదుట కూర్చుని మాట్లాడాలి. పరీక్ష పెట్టండి, కానీ నివేదికలో “ఈ పరీక్షలో ఇంత స్కోరు దాటినవారు” అని మాత్రమే రాయండి. తెలుగులోకి అనువదించి వాడుతున్నారు కాబట్టి, మూలం చూడని మరొకరి చేత ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, మూలంతో పోల్చి చూడండి. 1970లో బ్రిస్లిన్ వివరించిన ఈ పద్ధతి శ్రమతో కూడినదే అయినా, దాటవేస్తే 20 ప్రశ్నలలో ఎన్ని మరో అర్థంలోకి జారిపోయాయో మీకు తెలియదు.

పరీక్షలో నకలుకు ఫోను వాడారా, ఎవరికైనా బెదిరింపు సందేశం పంపారా వంటి ప్రశ్నలు నేరుగా అడిగితే నిజం రాదు. 1965లో స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన యాదృచ్ఛిక ప్రతిస్పందన పద్ధతికి సులువైన రూపం ఒకటి ఉంది. విద్యార్థి ఎవరికీ చూపకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజంతో నిమిత్తం లేకుండా “అవును” అని, బొరుసు పడితే నిజం రాస్తాడు. 300 మందిలో 195 మంది “అవును” అన్నారనుకోండి. సుమారు 150 అవునులు నాణెం వల్ల వచ్చినవి. మిగిలిన 45 నిజం చెప్పవలసిన 150 మంది నుంచి వచ్చినవి, అంటే 30 శాతం. ఏ ఒక్కరి “అవును” చూసినా ఆ పని చేశాడో లేదో మీరు చెప్పలేరు, అయినా మొత్తం తెలుస్తుంది. దీనికి చెల్లించే మూల్యం కచ్చితత్వం: ఇక్కడ అంచనా దాదాపు 11 శాతం పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి ఒకటి రెండు ప్రశ్నలకే దీనిని అట్టిపెట్టండి.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. 95 శాతం విశ్వాస స్థాయి, 5 శాతం లోపపు అవధి (అంటే ఇలా వందసార్లు నమూనా తీస్తే సుమారు 95 సార్లు మీ అంచనా నిజానికి 5 శాతం పాయింట్ల లోపే ఉండడం) కోరుకుంటే పెద్ద జనాభాకు 385 మంది కావాలి. 1200 మందే ఉన్నారు కాబట్టి చిన్న జనాభాకు తగిన సవరణ చేస్తే 292 చాలు. కానీ ఈ లెక్క యాదృచ్ఛికంగా ఎంచిన నమూనాకు వర్తిస్తుంది. వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి, వచ్చినవి తీసుకుంటే వర్తించదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా సమాధానాలు రాబట్టి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది; 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. మీ విషయంలో ఇబ్బంది మరింత సూటిగా ఉంది: గ్రూపులో పెట్టిన లింకును ముందు చూసేది, తెరిచేది ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండేవారే. దేనిని కొలవదలచారో అదే మీ నమూనాను ఎంపిక చేస్తోంది. డేటా అయిపోయినవారు, మామూలు ఫోను వాడేవారు, గ్రూపును మ్యూట్‌లో పెట్టినవారు లెక్కలోకి రానే రారు.

కళాశాల హాజరు పట్టీ మీ దగ్గర ఉంది కాబట్టి పరిష్కారం కష్టం కాదు. సంవత్సరం, శాఖ వారీగా విభజించి ఒక్కో విభాగం నుంచి దాని దామాషాలో పేర్లను యాదృచ్ఛికంగా ఎంచండి. ఎంచిన వారికి విడివిడిగా పంపండి, ఆన్‌లైన్‌లో నింపలేనివారికి కాగితం ఇవ్వండి. పేర్లకు బదులు కొన్ని తరగతులను మొత్తంగా ఎంచడం సులువే, కానీ ఒకే తరగతివారు ఒకరినొకరు పోలి ఉంటారన్న సంగతి లెక్కలోకి తీసుకోవాలి. తరగతికి 40 మంది చొప్పున పది తరగతులు తీసుకుని, తరగతి లోపలి పోలిక (పోలికే లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) 0.05 మాత్రమే అనుకున్నా, 400 మంది సమాధానాల బలం సుమారు 136 మంది యాదృచ్ఛిక సమాధానాలకు సమానం. ఎంచినవారిలో ఎంతమంది స్పందించారో నివేదికలో తప్పక రాయండి. రెండవ గుర్తుచేతకు గానీ స్పందించని వారి సమాధానాలను మొదట పంపినవారి సమాధానాలతో పోల్చితే, అసలు స్పందించని వారు ఎటువైపు ఉంటారో కొంత ఊహ దొరుకుతుంది.

ఫారం అమరికలో ఈమెయిల్ సేకరణ ఆపివేసి ఉందో లేదో చూడండి. రోల్ నంబరు అడుగుతూనే “ఇది గోప్యం” అని రాయడం నేను చాలా ఫారాలలో చూశాను. దానిని నమ్మే విద్యార్థి ఉండడు. పేరు లేకున్నా, శాఖ, సంవత్సరం, లింగం, వసతి కలిపి చూస్తే ఒక్కరే మిగిలే గడులు చిన్న కళాశాలలో చాలా ఉంటాయి. ఐదుగురి కన్నా తక్కువ ఉన్న గడులను ప్రచురించవద్దు. మార్కులు వేసే అధ్యాపకుడు తన తరగతిలోనే ఫారం నింపిస్తే “ఇష్టమైతేనే నింపండి” అన్న మాటకు విలువ ఉండదు, కనుక ఆ పని మరొకరికి అప్పగించండి.

విశ్లేషణ విషయంలో కొద్ది మాటలు చాలు. గంటల సమాచారానికి సగటుతో పాటు మధ్యగతం (అందరినీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యన ఉన్నవారి అంకె) ఇవ్వండి, పది పన్నెండు గంటలవారు కొందరు సగటును పైకి లాగుతారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.9 వచ్చిందని సంబరపడవద్దు. ఒకే మాటను ఇరవై రకాలుగా అడిగినా అది వస్తుంది. అబ్బాయిలు, అమ్మాయిల తేడాను 20 అంశాలలో విడివిడిగా పరీక్షిస్తే, నిజంగా ఏ తేడా లేకున్నా, ఆ పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకచోట 0.05 స్థాయిలో (తేడా లేకున్నా ఉన్నట్టు పొరబడే అవకాశం ఒక్కో పరీక్షకు 5 శాతం) “తేడా” కనిపించే అవకాశం 64 శాతం. ఏ రెండు మూడు తేడాలు చూడదలచారో ముందే రాసిపెట్టుకోండి. తేడా నిజమైనదే అయినా, అది ఇష్టాలలోని తేడానా, సొంత ఫోను చేతిలో ఉండడంలోని తేడానా అన్నది మరో ప్రశ్న. వాడకానికీ మార్కులకూ, వాడకానికీ మనశ్శాంతికీ ముడి పెట్టేటప్పుడు కూడా ఆచితూచి రాయండి. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ మూడున్నర లక్షలకు పైగా కౌమార వయస్కుల సమాచారంతో చేసిన విశ్లేషణలో, వారి శ్రేయస్సులోని హెచ్చుతగ్గులలో డిజిటల్ వాడకంతో ముడిపడినది అత్యధికంగా 0.4 శాతం.

ఈ వారం చేయవలసిన పని ఒక్కటే. మీరు చివరకు వేయదలచిన పట్టికలను అంకెలు లేకుండా ఖాళీగా గీసుకోండి. ఏ పట్టికలోకీ రాని ప్రశ్నలను కొట్టేయండి, 58 కాస్తా పాతికకు దిగుతుంది. మిగిలిన పాతికను ఆరుగురు విద్యార్థుల దగ్గర కూర్చుని పైకి చదివించండి. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా “ఈ ప్రశ్న అర్థం కాలేదు” అనకపోతే, అడిగినవారు అధ్యాపకులు కాబట్టి అనలేదేమో అని అనుమానించి, ఏడవ విద్యార్థి దగ్గర మీకు బదులు వారి సీనియర్ ఒకరిని కూర్చోబెట్టండి.